ఆగే గడియారం, ఆగని గడియారం

మా స్కూల్లో పీటీ మిస్ కాన్పుకని సెలవు పెట్టి కోలారు పక్కనున్న పుట్టింటికి వెళ్ళినప్పుడు, అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును పోటీలకు తీసుకెళ్ళే పని నా నెత్తిన పడింది. నేను సోషల్ చెప్పే టీచర్ని. బెంగళూరు బళేపేటలో మా నాన్నకు గాజుల కొట్టు ఉండేది. ఆ సందులో అన్నయ్యలు క్రికెట్ ఆడుతుంటే, బంతి వచ్చి గాజుల పెట్టెల మీద పడకుండా కొట్టు ముందు కాపలా నిలబడేదాన్ని. ఆటలతో నా పరిచయం అంతవరకే. హెడ్ మిస్ మాత్రం, నా గొంతు మూడో అంతస్తు దాకా వినబడుతుంది కాబట్టి ఈ పనికి నేనే తగినదాన్నని తేల్చేసింది.

కాడుగోడిలో మాది చిన్న స్కూలు. ఆటస్థలం అంటే వ్యాన్లు నిలిపే సిమెంటు గచ్చు. దానికి ఒక చివర ఇనప స్తంభం, స్తంభానికి రింగు. రెండో చివర హెడ్ మిస్ కారు. జట్టులో పన్నెండు మంది దాకా ఉండొచ్చట. మాకు ఉన్నది ఆరుగురు. ఐదుగురు ఆడితే ఒకరు బెంచీ మీద కూర్చుంటారు. అందరూ ఏడూ ఎనిమిది తరగతుల పిల్లలు. కెప్టెన్ పిల్ల ఎనిమిదో తరగతి. వాళ్ళ నాన్నది మహబూబ్‌నగర్ వైపు. ఈ చుట్టుపక్కల లేస్తున్న అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పని చేస్తాడు. ఆ పిల్ల చేతులు ఎంత పొడవంటే, యూనిఫారం చొక్కా చేతులు ఎప్పుడూ మణికట్టుకు పైనే ఆగిపోయేవి.

మొదటి మ్యాచ్ వైట్‌ఫీల్డ్ అవతల ఒక పెద్ద స్కూల్లో. వ్యాన్ ఎక్కుతుండగా పీటీ మిస్ ఫోన్ చేసింది.

"అక్కా, అక్కడికి పోతానే స్కోరు రాసే టేబుల్ కాడికి పోండి. పోయి ఒకటే మాట అడగండి. క్లాక్ రన్నింగా, స్టాపా అని."

"అంటే ఏమిటి?"

"మీరు అడగండక్కా. వాళ్ళు చెప్పింది నాకు మెసేజ్ పెట్టండి. అంతే."

ఎవరో గుమ్మం దగ్గర చెప్పమన్న సంకేతపదంలాగా ఆ ముక్క దారంతా మనసులో అనుకుంటూ వెళ్ళాను. టేబుల్ దగ్గర మెడలో విజిల్ వేసుకున్న కుర్రాడు ఉన్నాడు. అడిగాను. అతను కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఆట తెలిసిన మేడమ్ వచ్చింది అనుకున్నట్టున్నాడు.

"రన్నింగ్ మ్యామ్. ఫోర్ క్వార్టర్స్, సిక్స్ మినిట్స్."

మా వ్యాన్ డ్రైవరుది కదిరి దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళకు పైగా బెంగళూరులోనే ఉన్నాడు. శనివారాలు మా పిల్లల పని అయ్యాక, అదే వ్యాన్‌తో జిగణి వెళ్ళి ఒక ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు దిగే వాళ్ళను ఇళ్ళకు చేర్చాలి. కాబట్టి ఆట ఎంతసేపన్నది నాకంటే అతనికి ముఖ్యం.

"మేడమ్, ఎంతసేపు ఉంటాది ఇది?"

నాలుగు ఆర్లు ఇరవై నాలుగు. ఆ లెక్కే చెప్పాను. మధ్యలో విరామాలు కలిపినా, అతను ఒక టీ తాగి, రెండో టీ తాగుదామా వద్దా అని ఆలోచించేలోపే ఆట అయిపోయింది. బంతి బయటికి పోయినా, ఎవరైనా కింద పడినా, లేసు ఊడి కట్టుకుంటున్నా గడియారం తన దారిన తాను పోతూనే ఉంది. మా పిల్లలు ఉరుకులు పరుగులుగా ఆడి గెలిచేశారు. బాస్కెట్‌బాల్ అంటే ఇంతేనన్నమాట, ఈ మాత్రానికి అంతా ఇంత హడావిడి చేస్తారెందుకు అనుకున్నాను.

రెండో మ్యాచ్ ఒక కాన్వెంటులో. అక్కడ నాలుగు భాగాలు లేవు, రెండే సగాలు. ఒక్కో సగం పన్నెండు నిమిషాలు. గడియారం ఆగదు, కానీ చివరి నిమిషంలో మాత్రం విజిల్ ఊదినప్పుడల్లా ఆగుతుంది. ఈ ముక్క విని పీటీ మిస్‌కు మెసేజ్ పెడితే, తలకాయ పట్టుకున్న బొమ్మ ఒకటి తిరిగి వచ్చింది. ఎందుకో ఆటలో తెలిసింది. క్వార్టర్ల మధ్య మంచినీళ్ళు తాగి ఊపిరి పీల్చుకోవడానికి అలవాటు పడిన మా వాళ్ళకు, ఆ పన్నెండు నిమిషాల్లో ఊపిరి అందలేదు. ఇక ఆ చివరి నిమిషం, మా ఇంట్లో పెళ్ళికి తయారయ్యే ఆడవాళ్ళు "ఒక్క నిమిషం" అంటారే, అలా సాగింది. విజిల్, ఆగు. ఫ్రీ త్రో, ఆగు. బంతి బయట, ఆగు. ఎలాగో ఒక పాయింటుతో బయటపడ్డాం. పిల్లలు కోర్టు మీదే వెల్లకిలా పడుకుంటే సిస్టర్ ఒకామె వచ్చి గ్లూకోజ్ నీళ్ళు ఇచ్చింది.

మూడోది నగరం లోపల ఒక క్లబ్బు మైదానంలో. అక్కడి కుర్రాడు నేను అడగకముందే చెప్పాడు.

"టెన్ మినిట్స్, ఫోర్ క్వార్టర్స్. స్టాప్ క్లాక్ మ్యామ్."

వ్యాన్ దగ్గరికి వచ్చి నలభై నిమిషాలని చెప్పాను. డ్రైవర్ సంతోషంగా సీటు వెనక్కి వాల్చాడు.

స్టాప్ క్లాక్ అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. విజిల్ ఊదిన ప్రతిసారీ గడియారం నిలబడిపోతుంది. బంతి మళ్ళీ ఆటలోకి వచ్చాకే కదులుతుంది. గోడ మీది ఎర్ర అంకెలను చూసి నేను రెండు నిమిషాలే కదా అనుకుంటే, నా చేతి గడియారంలో ఐదు నిమిషాలు గడిచేవి. సగం ఆటకు మేమే ముందున్నాం. మూడో క్వార్టర్లో మా వాళ్ళ పరుగు నడకైంది. నాలుగో దానికి నడక కూడా కుంటి నడకైంది. అలసిపోయిన పిల్లలు కాళ్ళతో ఆడరు, చేతులతో ఆడతారు. ఎదుటి పిల్ల పరిగెడుతుంటే చొక్కా పట్టుకుంటారు. అది ఫౌల్. ఐదు ఫౌళ్ళైతే ఆ పిల్ల ఆటలోంచి పోయినట్టే. మొదట ఒక పిల్ల పోయింది. బెంచీ మీది పిల్లను పంపాను. తర్వాత ఇంకో పిల్ల పోయింది. ఇప్పుడు కోర్టులో నలుగురు. ఇంతటితో ఆట ఆపేస్తారనుకుని నేను సంచులు సర్దబోయాను. రెఫరీ నవ్వి, ఇద్దరున్నా ఆట నడుస్తుందని చెప్పాడు. కెప్టెన్ పిల్లకు పిక్క పట్టేసింది. అవతలి వాళ్ళ బెంచీ మీంచి కొత్త కొత్త పిల్లలు, జుట్టు చెదరకుండా, ఒకరి తర్వాత ఒకరు దిగుతున్నారు. ఓడిపోయాం, గట్టిగానే.

బయటికి వస్తే డ్రైవర్ వ్యాన్ దిగి నిలబడి ఉన్నాడు.

"ఏం మేడమ్, నలభై నిమిషాలు అంటిరి. గంటన్నర అయ్య. జిగణిలో వాళ్ళు గేటు కాడ నిలబడుకోని ఫోను మీద ఫోను చేస్తాండారు."

"నలభై నిమిషాలేనప్పా. మధ్యలో గడియారం ఆపినారు."

అతను నా మొహం కేసి చూశాడు. "గడియారం ఆపితే టైము ఆగుతాదా మేడమ్?"

పిల్లలను గబగబా వ్యాన్ ఎక్కించాను. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు, ఎవరైనా ఇక్కడ కూడా గడియారం ఆపితే బాగుండును అనిపించింది.

ఆ సాయంత్రం పీటీ మిస్‌కు ఫోన్ చేశాను. వెనకాల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క రూలు ఏమిటి, అంతా కూర్చుని ఒకటి రాసుకోలేరా అని కొంచెం చిరాగ్గానే అడిగాను.

"పెద్దోళ్ళకు రాసిపెట్టిందొకటి ఉండాదక్కా. పది నిమిషాలవి నాలుగు. పిల్లోళ్ళకు ఎవురి ఇష్టం వాళ్ళది. చిన్న పిల్లోళ్ళ కాళ్ళకు అంత ఓపిక ఉండదని కొందరు తగ్గిస్తారు. ఒకటే కోర్టు, ఎనిమిది స్కూళ్ళు వచ్చినారనుకోండి, పొద్దు మునిగేలోపల అన్నీ ముగించల్ల కదా, ఇంకెట్ల చేస్తారు? రన్నింగ్ పెడ్తారు. ఆదివారము గ్రౌండు దొరికిందనుకోండి, అప్పుడు స్టాప్ క్లాకు."

"మరి మనం ఏం చేయాలి?"

"మనోళ్ళు ఆరు మందే. పొట్టి ఆటలో పులులు. పొడుగు ఆటలో…" బిడ్డ గట్టిగా కేక పెట్టింది. ఆమె జోకొట్టి మళ్ళీ ఫోన్ తీసుకుంది. "పొడుగు ఆటలో నడవడం నేర్పియ్యండక్కా. పరిగెత్తేది వాళ్ళకు వచ్చు. ఎప్పుడు నడవల్లనో అది తెలీదు. బంతి చేతిలో ఉంటే తొందర పడొద్దని చెప్పండి. ఊపిరి ఆడకపోతే టైమౌట్ అడగండి. మీకు టైమౌట్లు ఉండాయి, ఒక్కటన్నా తీసుకున్నారా?"

తీసుకోలేదు. అవి నావి అని నాకు తెలియదు.

పొడుగు ఆట సాధన చేయాలంటే ఎదురు ఆడేవాళ్ళు కావాలి. మా దగ్గర ఉన్నదే ఆరుగురాయె. ఒక శుక్రవారం స్కూలు వదిలాక నేనే దిగాను, చున్నీ నడుముకు బిగించి. నన్ను చూసి కన్నడ మిస్ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వచ్చింది. ఆఫీసు గుమస్తా వచ్చాడు. లెక్కల సారు, మోకాలు నొప్పి ఉందంటూనే, రింగు కింద నిలబడి కదలను అన్న షరతు మీద వచ్చాడు. ఒకరు తక్కువైతే వ్యాన్ డ్రైవర్‌ను పిలిచాం. అతను చెప్పులు విప్పి, తువ్వాలు స్టీరింగ్ మీద వేసి వచ్చి, "ఏ పక్క వేయల్ల మేడమ్?" అని అడిగాడు. ఉన్నదే ఒక రింగు, రెండు జట్లూ దాంట్లోనే వేయాలి అని చెబితే, ఇది బాగుండాది, తికమక లేదు అన్నాడు.

పిల్లలు మమ్మల్ని ఉతికి ఆరేశారు. అయితే మేం పెద్దవాళ్ళం కదా, మా దగ్గర వేరే విద్య ఉంది. మాకు పరిగెత్తే ఓపిక లేదు కాబట్టి బంతి దొరికితే వదలం. కన్నడ మిస్ బంతిని చంకలో పెట్టుకుని పిల్లలతో "నిల్లీ మక్కళా, ఉసిరు తగోళ్తీని" అనేది, ఆగండి పిల్లలూ, ఊపిరి తీసుకోనీయండి అని. లెక్కల సారు, పడ్డ బంతి పడ్డట్టు, తన దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ రింగులో వేశాడు. బడి ప్యూన్ గంట దగ్గర నిలబడి, నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా ఫోన్‌లో టైమ్ ఆపేవాడు, దించితే మొదలుపెట్టేవాడు. రెండు వారాలు సాయంత్రాలు ఇదే పని. రెండో వారం చివరికి మా పిల్లలకు కూడా బంతి చంకలో పెట్టుకుని ఊపిరి తీసుకోవడం వచ్చింది. నాకు నడుము నొప్పి వచ్చింది.

ఆ తర్వాత వచ్చింది అసలు పోటీ. నగరానికి అవతలి వైపు ఒక పెద్ద స్కూలు ఏటా పెట్టేది, శని ఆదివారాలు. లీగ్ మ్యాచ్‌లన్నీ ఏడు నిమిషాల క్వార్టర్లు, రన్నింగ్ క్లాక్. ఫైనల్ మాత్రం పది నిమిషాలవి, స్టాప్ క్లాక్. ఆ కాగితం చదివి, మాకు ఫైనల్ రూలుతో పని లేదులే అని మడిచి సంచిలో పెట్టాను. పొట్టి ఆటలో పులులు అని పీటీ మిస్ ఊరికే అనలేదు. శనివారం ఆడినవన్నీ గెలిచారు. ఆదివారం పొద్దున సెమీస్ కూడా గెలిచారు. గెలిచాక కెప్టెన్ పిల్ల నా దగ్గరికి వచ్చి, "మిస్, ఫైనల్ ఎక్కడ ఆడ్తరో తెల్సా? లోపల," అంది.

లోపల అంటే ఇండోర్ కోర్టు. నేలంతా చెక్క పలకలు. అద్దంలా మెరుస్తోంది. పైన కప్పు, రెండు చివర్లా రెండు రింగులు, రింగు వెనక అద్దపు పలక. మా పిల్లలు బూట్లు గుమ్మం బయట విప్పేశారు. గుడిలోకి పోతున్నట్టు. బూట్లతోనే ఆడాలని అక్కడివాళ్ళు చెబితే మళ్ళీ తొడుక్కుని, అరికాలు నేలకు రాసి కీచుమనిపించి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మాకు ఎదురుగా వచ్చింది పన్నెండు మంది నిండా ఉన్న జట్టు. వాళ్ళ కోచ్ అరవై దాటిన మనిషి, నెరిసిన మీసాలు, నెత్తిన టోపీ. ఆటకు ముందు నిర్వాహకుడు మా ఇద్దరినీ పిలిచాడు. బహుమతులు ఇవ్వడానికి వచ్చిన ముఖ్య అతిథికి తొందరగా వెళ్ళే పని పడిందట. ఫైనల్ కూడా రన్నింగ్ క్లాక్‌తోనే, క్వార్టర్ ఇంకా కుదించి ఆరు నిమిషాలతో ముగించేద్దాం, మీకు అభ్యంతరమా అని అడిగాడు. రెండు జట్లూ ఒప్పుకుంటేనే.

నా గుండె ఎగిరి గంతేసింది. ఆరుగురు పిల్లలకు ఆరు నిమిషాల ఆట. దేవుడు ముఖ్య అతిథి రూపంలో వచ్చాడు. అవతలి కోచ్ మొహం ముడుచుకున్నాడు. ఆయనకు పన్నెండు మంది. ఆట ఎంత పొడుగైతే ఆయనకు అంత మంచిది.

"పిల్లోళ్ళను అడిగి చెప్పమ్మా," అన్నాడు నాతో, తెలుగులోనే. నా బొట్టు చూసో, యాస వినో, తెలుగుదాన్నని కనిపెట్టినట్టున్నాడు.

పిల్లల దగ్గరికి పోయి విషయం చెప్పాను. ఎగిరి గంతులేస్తారనుకున్నాను. అందరూ కెప్టెన్ వైపు తిరిగారు.

"షార్ట్ గేమ్ అయితే గెలుస్తాం కదే," అన్నాను.

"గెలుస్తాం మిస్," అంది కెప్టెన్ పిల్ల. "కానీ తొందరగ అయిపోతది కదా."

"అయిపోతే మంచిదే కదా?"

ఆ పిల్ల కోర్టు వైపు చూసింది. "ఇంత దూరం వచ్చినం. ఈ ఫ్లోర్ మీద మళ్ళ ఎప్పుడు ఆడ్తమో. ఫుల్ గేమే ఆడ్తం మిస్. పది నిమిషాలది."

"ఓడిపోతే?"

"ఓడినా ఆడినట్టే కదా మిస్," అంది పొట్టి పిల్ల, మా జట్టులో అందరికంటే చిన్నది. మిగతా నలుగురూ తల ఊపారు.

నాకు నచ్చలేదు. కప్పు మా హెడ్ మిస్ గదిలో ఎక్కడ పెడితే బాగుంటుందో కూడా అప్పటికే ఆలోచించుకున్నాను. అయినా ఆడేది వాళ్ళు. వెళ్ళి ఫుల్ గేమ్ అని చెప్పాను. నిర్వాహకుడు నన్ను వింతగా చూశాడు. ముఖ్య అతిథి మొదటి క్వార్టర్ చూసి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం జిగణిలో ఏదో ఓవర్‌టైమ్ షిఫ్టు ఉందట. డ్రైవర్‌కు ముందే చెప్పాను, ఇది గడియారం ఆపే ఆట అని. అతను బయటికి పోయి యజమానితో మాట్లాడుతుంటే వినిపించింది.

"అన్నా, ఇంకో బండి పంపీ. లేదన్నా, ఇది స్టాపు క్లాకు. నీకు చెప్తే తెలీదులే. పిల్లోళ్ళు ఫైనల్ ఆడ్తాండారు, నడిమిట్లో ఎట్ల వచ్చేది?"

వచ్చి నా పక్కన మెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

మొదటి క్వార్టర్ సరిసమానం. నేను నేర్చుకున్నదంతా వాడాను. పిల్లల మొహాలు ఎర్రబడగానే టైమౌట్ అడిగాను. బెంచీ మీది పిల్లను మార్చి మార్చి పంపాను. వాళ్ళు కూడా కన్నడ మిస్‌లా బంతి పట్టుకుని నిలబడ్డారు. కానీ అవతల పన్నెండు మంది. రెండో క్వార్టర్లో వెనకబడ్డాం. మూడో దానికి తేడా ఇరవై దాటింది. నాలుగోది మొదలుకాబోతుంటే టేబుల్ దగ్గరి మనిషి రెఫరీని పిలిచి ఏదో చెప్పాడు. తేడా ఇరవై దాటితే మిగిలిన ఆటంతా రన్నింగ్ క్లాక్ అని ఈ పోటీలో ఒక రూలుందట. ఓడేవాళ్ళకు బాధ తొందరగా తీరాలని.

కెప్టెన్ పిల్ల ఆ మాట విన్నది. నేను లేచేలోపే టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. నేనూ వెనకే వెళ్ళాను.

"సార్, రన్నింగ్ వద్దు సార్. స్టాపే పెట్టండి."

"రూల్ అమ్మా. నిమగోస్కరనే ఇరోదు," అన్నాడు ఆ మనిషి. మీ కోసమే పెట్టిన రూలు అని.

"మాకు వద్దు సార్. మాకు పది నిమిషాలు ఇస్తామన్నరు."

ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. కొట్లో తూకం సరిగా వేయమని అడిగినట్టు అడిగింది. ఆ మనిషి నా వైపు చూశాడు. ఆ పక్క నుంచి అవతలి కోచ్ నడిచి వచ్చాడు.

"ఏమంట?"

చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నిలుపప్పా గడియారము," అన్నాడు టేబుల్ మనిషితో. "పిల్లోళ్ళు ఆడ్తామంటాండారు. నీదేం పోతాది? నా కాడ కూడా బెంచీ మీద ఐదు మంది సుమ్నే, ఊరికినే కూర్చోని ఉండారు. రెండు దినాలుగా నీళ్ళు మోసిందే, ఆడలే. వాళ్ళను దింపుతాను."

రెఫరీ భుజాలు ఎగరేసి సరే అన్నాడు. గడియారం ఆగి ఆగి నడిచింది.

ఆ పది నిమిషాలు నాకు బాగా గుర్తున్నాయి. రెండు రోజులుగా బెంచీకి అతుక్కుపోయిన ఆ ఐదుగురు పిల్లలూ కోర్టులోకి దిగారు. వాళ్ళలో ఒక కళ్ళజోడు పిల్ల ఎంత కంగారుగా ఉందంటే, బంతి మొట్టమొదట మా కెప్టెన్ చేతికే అందించింది. మా వాళ్ళు అలసిపోయి ఉన్నారు. వీళ్ళకు అలవాటు లేదు. సరిగ్గా సరిపోయారు. ఎవరు వేసినా రెండు వైపులా చప్పట్లు. మా ఒక పిల్ల ఐదో ఫౌల్‌తో బయటికి వచ్చి నా పక్కన కూర్చుని, నవ్వుతూ మంచినీళ్ళు తాగింది. డ్రైవర్ మొదట్నుంచీ ఉన్న స్కోరు వదిలేసి, ఈ క్వార్టర్‌ది మాత్రమే వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. చివరి విజిల్ ఊదగానే నా వైపు తిరిగాడు.

"మేడమ్, ఈ నాలుగోది మనదే. మూడు పాయింట్లు ఎక్కువ."

"మొత్తం మీద ఓడిపోయినామప్పా."

"అది సరే. నాలుగోది మనదే."

పిల్లలకు అదే మాట వెళ్ళి చెప్పాడు. వాళ్ళు రెండో స్థానానికి ఇచ్చిన వెండి రంగు కప్పు పట్టుకుని ఫోటో దిగేటప్పుడు నాలుగు వేళ్ళు చూపిస్తూ నిలబడ్డారు. మా హెడ్ మిస్ ఆ ఫోటో చూసి, నాలుగో స్థానానికి కూడా కప్పు ఇస్తున్నారా అని అడిగింది.

వెళ్ళబోయే ముందు ఆ కోచ్ నాతో మాట్లాడాడు.

"నీకు ఆరు మందే. పుణ్యం చేసుకోని ఉండావు తల్లీ. అందురూ ఆడ్తారు. నాకు పన్నెండు మంది. ఈ ఏడు నిమిషాల ఆటలో ఎవురిని దింపల్ల, ఎవురిని కూర్చోబెట్టల్ల? ఇంటికి పోతానే వాళ్ళ అమ్మానాయనలు ఫోను చేస్తారు, మా పాప ఏం తప్పు చేసిందని."

పెద్ద స్కూలు కోచ్‌కు ఇలాంటి కష్టాలు కూడా ఉంటాయా అనుకుని నవ్వేశాను.

పీటీ మిస్ బిడ్డకు ఆరో నెల వచ్చాక తిరిగి పనిలో చేరింది. విజిల్ ఆమెకిచ్చేశాను. కానీ వ్యాన్‌లో నా సీటు మాత్రం వదల్లేదు. ఎవరూ వదలమని అడగలేదు కూడా. పోటీలున్న రోజు బిడ్డను కూడా వెంట తెచ్చుకునేది. ఆట నడిచేటప్పుడు బిడ్డ నా ఒళ్ళో ఉండేది. ఆ కప్పు పుణ్యమా అని కొత్త పిల్లలు చేరారు. జట్టు పదకొండు మందైంది. హెడ్ మిస్ తన కారు గేటు బయట పెట్టుకుని, రెండో రింగు వేయించింది.

ఆ ఏడాది మొదటి మ్యాచ్ మళ్ళీ ఆ వైట్‌ఫీల్డ్ అవతలి స్కూల్లోనే. ఆరు నిమిషాలు, ఆగని గడియారం. మునుపు మాకు వరమైన ఆట ఇప్పుడు పీడకలైంది. పదకొండు మంది పిల్లలు, చిటికెలో అయిపోయే క్వార్టర్లు. పీటీ మిస్ ఒక పిల్లను దింపుదామని చెయ్యి ఎత్తేలోపే క్వార్టర్ అయిపోయేది. బంతి బయటికి పోయినప్పుడే పిల్లను మార్చాలి. అది బయటికి పోయి, మార్చి, మళ్ళీ ఆట మొదలయ్యేదాకా గడియారం ఆగకుండా పరిగెడుతూనే ఉండేది. గెలిచాం కానీ, ముగ్గురు పిల్లలు సరిగా బంతి ముట్టుకోనేలేదు. వాళ్ళు బెంచీ చివర ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

వాళ్ళలో ఒక పిల్ల తల్లి కాడుగోడి స్టేషన్ దగ్గర పూలు అమ్ముతుంది. కూతురి ఆట చూద్దామని ఆ రోజు బేరం పక్క గంప ఆమెకు అప్పజెప్పి వచ్చింది. చేతిలో చిన్న బుట్ట కూడా ఉంది, తిరిగి వెళ్తూ అమ్ముకోవచ్చని. అంతా లేస్తుంటే నా దగ్గరికి వచ్చింది.

"అయిపోయిందా మేడమ్? అంతేనా?"

ఫైనల్లో ఆ టోపీ కోచ్ చెప్పిన ఫోన్ల బాధ ఎలాంటిదో అప్పుడు తెలిసింది. నేను పీటీ మిస్ వైపు చూశాను. ఆమె అప్పటికే అవతలి టీచర్‌తో మాట్లాడుతోంది. వాళ్ళ బెంచీ మీద కూడా ఆడని పిల్లలు ఉన్నారట. ఇద్దరూ కలిసి టేబుల్ దగ్గరికి వెళ్ళారు. తిరిగి వస్తూ పీటీ మిస్ నాతో చెప్పింది.

"అక్కా, ఇంకో క్వార్టర్ ఆడిస్తాము. స్కోరుకు లెక్కలేదు. ఆడనోళ్ళకు మాత్రమే. తర్వాతి మ్యాచ్‌ వాళ్ళు ఇంకా ఆటోలోనే ఉండారంట, వచ్చేదాకా కోర్టు మనదే."

"ఎన్ని నిమిషాలు?"

"నిమిషాలు గిమిషాలు లేవక్కా. వాళ్ళు వచ్చేదాకా."

బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుని, ఆ తల్లికి పక్కన చోటు చూపించాను. ఆమె పూల బుట్టను మెట్టు మీద నీడలో పెట్టి, తడిగుడ్డ కప్పి, కూతురు ఎటు నుంచి దిగుతుందో చూస్తూ కూర్చుంది.